ఆరుబయటి చలిరాత్రి

చరిత్ర గ్రంథాలు సాధారణంగా పగటి కథనే చెబుతవి. సేన ఎన్నడు బయలుదేరినది, ఏ నదిని దాటినది, ఏ మైదానంలో పోరాడినది, ఎవరు గెలిచినారు అన్న సంగతులు వాటిలో విస్తారంగా ఉంటవి. ఆ సేన రాత్రి ఎక్కడ పడుకొన్నది, కింద ఏమి పరచుకొన్నది, పైన ఏమి కప్పుకొన్నది అన్న ప్రశ్నకు వాటిలో సమాధానం దొరకడం అరుదు. అయినా హిమాలయ సీమలలోనూ, వాటికి దిగువనున్న ఉత్తరాది మైదానాలలోనూ చలికాలపు రాత్రి అనేక పర్యాయాలు మరునాటి పగటి ఫలితాన్ని ముందుగానే నిర్ణయించినది. ఆ రాత్రులను గురించి అక్కడక్కడా మిగిలిన వ్రాతలను దగ్గరకు చేర్చి చూస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. చలిని తట్టుకొనే విద్య ఈ దేశంలో ఏనాడూ కొరవడలేదు. అది గొర్రెల కాపరికి తెలుసు, బిడారు నడిపేవానికి తెలుసు, చేనికి కావలి కాసే రైతుకు తెలుసు. కొరవడినది ఆ విద్యను ఆలకించే అధికారమూ, ఒక్క కంబళిని సకాలంలో అందించే ఏర్పాటూ.

ఆరుబయట పడుకొన్న మనిషి ఒంటివేడి ముఖ్యంగా మూడు దారులలో పోతుంది. మొదటిది నేల. చల్లని నేల తనకు తాకిన శరీరంనుండి రాత్రంతా వేడిని లాగుకొంటూనే ఉంటుంది. రెండవది గాలి. మూడవది ఆకాశం, మబ్బులేని రాత్రి భూమిమీది వేడి అడ్డులేకుండా పైకి పోతుంది గనుకనే, చుక్కలు నిర్మలంగా మెరిసే రాత్రి చలి అధికంగా ఉంటుంది. చెట్టుకొమ్మ కింద, పలుచని పందిరి కింద పడుకొన్నవానికి సైతం ఆ మేరకు రక్షణ ఉన్నది. ఈ మూడింటికీ తడి తోడైతే ఎంతటి దృఢకాయుడైనా తెల్లవారేసరికి నీరసిస్తాడు.

కప్పుకొన్న వస్త్రం తనంతట తాను వేడిని పుట్టించదు. శరీరం పుట్టించే వేడిని అది పోనీయక నిలుపుతుంది. ఆ నిలిపే శక్తి కూడా నూలులోనో ఉన్నిలోనో కన్న, వాటి పోగుల నడుమ చిక్కుకొన్న గాలిలోనే ఎక్కువగా ఉన్నది. ఉత్తరాది గ్రామాలలో శీతకాలానికి ముందు ధునియాలు, అనగా మన దూదేకులవారు, విల్లు భుజాన వేసుకొని ఇంటింటికీ తిరిగే ఆచారం ఇందుకే ఏర్పడినది. ఏడాదిపాటు అణగిపోయిన రజాయిలోని దూదిని ఏకి విడదీస్తే అందులోకి మళ్ళీ గాలి చేరుతుంది. పాత రజాయి కొత్తదానివలె వెచ్చనవుతుంది. అయితే ఎంత మంచి రజాయి అయినా మనిషి బరువు కింద అణగిన చోట పనిచేయదు. కనుక పైన కప్పుకొనేదానికన్న కింద పరచుకొనేది ముఖ్యం. హిందీ సీమలోని పేదవాడు నేలమీద మందంగా పుఆల్, అనగా వరిగడ్డి, పరచి దానిమీద పడుకొంటాడు. అతని శాస్త్రజ్ఞానం అంతా ఆ గడ్డిపరుపులో ఉన్నది.

ఈ సూత్రం రాజుల దండులోనూ అమలులో ఉండేది. 1664వ సంవత్సరం డిసెంబరులో ఔరంగజేబు ఢిల్లీనుండి లాహోరు మీదుగా కాశ్మీరానికి బయలుదేరినాడు. ఆ ప్రయాణంలో వెంట వెళ్ళిన ఫ్రెంచి వైద్యుడు బెర్నియే తన సామాను పట్టికను లేఖలలో వివరంగా వ్రాసి పెట్టినాడు. ఒక మాదిరి గుడారం, ఒక తివాచీ, తేలికైన నాలుగు గట్టి కర్రలతో అమర్చుకొనే మంచం, తలగడ, రెండు దుప్పట్లు అందులో ఉన్నవి. ఆ రెండు దుప్పట్లలో ఒకదానిని నాలుగు మడతలు వేసి పరుపుగా వాడుకొనేవాడు. అనగా ఉన్న రెండింటిలో ఒకటి కిందికే పోయినది. చక్రవర్తి గుడారాలలో నేలమీద మూడు నాలుగు అంగుళాల మందపు దూది పరుపులు, వాటిమీద తివాచీలు పరచేవారు. గుడారాల వెలుపలి వస్త్రం ఎర్రనిది. లోపలి అస్తరు మచిలీపట్నంలో చేతితో చిత్రించిన కలంకారీ అద్దకం. తెలుగుదేశపు పనివారు ఎండలో ఆరవేసిన వస్త్రం పంజాబు చలిరాత్రులలో మొగలు ప్రభువుకు రెండవ గోడ అయినది. రెండు వస్త్రాల నడుమ నిలిచిన గాలి అక్కడ కూడా తన పని తాను చేసినది.

అదే దండులో సామాన్యుల రాత్రి వేరు. సాయంకాలం అయ్యేసరికి వేలాది పొయ్యిలలో ఆవుపేడ, ఒంటెల పేడ, పచ్చికట్టెలు మండేవి. గాలి లేని రాత్రులలో ఆ పొగ ఎంత దట్టంగా కమ్ముకొనేదంటే బెర్నియే తన బస ఏ దిక్కున ఉన్నదో తెలియక తిరుగాడవలసి వచ్చినది. దారి తప్పినవారికి గుర్తుగా దండు నడుమ ఎత్తైన స్తంభంపై రాత్రంతా దీపం వెలిగేది. దానిని ఆకాశదియా అనేవారు. గుడారం లేనివానికి ఆ పొగయే గుడారం. కన్నులు మండినా, అతడు ఆ పొగను విడిచి దూరం పోలేడు.

మొగలు వంశపు మూలపురుషుడు బాబరు ఇంతకన్న కఠినమైన రాత్రులను చూచినాడు. 1506వ సంవత్సరం డిసెంబరు చివర అతడు హెరాత్ నగరాన్ని విడిచి, నడిమి పర్వతాల దారిన కాబూలుకు బయలుదేరినాడు. మంచు దారిని మూసివేసినది. దారి చూపేవాడు దారి తప్పినాడు. దాదాపు వారం రోజులు బాబరూ అతని ముఖ్య అనుచరులూ స్వయంగా ముందు నడచి, నడుముదాకా, ఒక్కొక్కచోట రొమ్ముదాకా దిగబడుతూ, మంచును తొక్కి గుర్రాలకు దారి చేసినారు. రోజంతా శ్రమిస్తే రెండు మూడు మైళ్ళకన్న సాగలేదు. ఒక సాయంకాలం జిర్రీన్ కనుమ దిగువన ఒక గుహ కనిపించినది. బయట మంచుగాలి వీస్తున్నది. గుహలోనికి వెళ్ళి విశ్రమించమని అందరూ కోరినారు. తనవారు మంచులో నిలబడి ఉండగా తాను వెచ్చగా నిద్రించడం స్నేహధర్మం కాదని బాబరు తలచినాడు. పార తీసుకొని గుహ ముందర మంచులో రొమ్ములోతు గొయ్యి త్రవ్వుకొని అందులో కూర్చున్నాడు. నేల తగలకపోయినా, ఆ గొయ్యి గాలికి కొంత అడ్డమైనది. రాత్రి ప్రార్థనవేళకు అతని తలమీద, వీపుమీద, చెవులమీద మంచు పేరుకొన్నది; చెవికి చలి పట్టినది. అటుపిమ్మట లోపల చూచినవారు గుహ విశాలమైనదనీ, అందరికీ చోటు ఉన్నదనీ చెప్పినప్పుడే అతడు లేచి లోనికి వెళ్ళినాడు. బయట ఉన్నవారందరినీ పిలిపించినాడు.

అప్పటికి బాబరుకు ఇరువది మూడేండ్లు. తుర్కీ భాషలో అతడు వ్రాసుకొన్న ఈ వృత్తాంతాన్ని అక్బరు కాలంలో, 1589 ప్రాంతంలో, అబ్దుర్రహీమ్ ఖాన్‌ఖానా పారశీకంలోనికి అనువదించినాడు. హిందీ దోహాల కవిగా ప్రజలు ఎరిగిన రహీము ఇతడే. ఒక రాజు చలిని తనవారితో సమంగా పంచుకొన్న ఉదంతం ఈ విధంగా ఉత్తర భారతానికి అందినది. అట్టి ఉదంతాలు తరువాతి చరిత్రలో తరచుగా కనిపించవు.

చలితోనే పుట్టి చలితోనే పెరిగే జనులకు ఈ కష్టం వింతగా తోచదు. లడఖ్‌కు తూర్పున చాంగ్‌థాంగ్ పీఠభూమిలో, పదునాలుగు వేల అడుగులకు పైబడిన ఎత్తున, చాంగ్పాలనే పశుపాలకులు నివసిస్తారు. జడలబర్రె వెంట్రుకలతో నేసిన నల్లని గుడారం వారి ఇల్లు. దానిని రెబో అంటారు. నడుమ పొయ్యి, పైన పొగపోయే సందు, ఇంధనం పశువుల పేడ, ఒంటిమీద గొర్రెతోలు అంగీ. హిమాచల ప్రాంతంలోని గద్దీ కాపరులు ఉన్ని చోళా తొడిగి, నడుముకు ఎన్నో చుట్లుగా దోరా అనే ఉన్నితాడు చుట్టుకొంటారు. ఆ చోళా మడతలలో కొత్తగా పుట్టిన గొర్రెపిల్లకు కూడా చోటు ఉంటుంది. పిల్లకు కాపరి వేడి, కాపరికి పిల్ల వేడి. దక్కను పీఠభూమిమీద కురుమలూ గొల్లలూ వాడే నల్లని గొంగడి కూడా ఈ కుటుంబానికి చెందినదే. కిందికి పరుపు, పైకి దుప్పటి, ఒక కొన మడిచి తలమీద వేసుకొంటే వానకు గొడుగు. రైతు చేలో మంద పెట్టిన రాత్రి దానిని కప్పుకొని పడుకొనే తెలుగు కాపరి గద్దీవాని విద్యను వెంటనే గుర్తుపట్టగలడు.

కాశ్మీరీలది మరొక మార్గం. వెదురుబుట్టవంటి అల్లిక లోపల మట్టిపాత్ర, అందులో నిప్పుకలు. దానిని కాంగడీ అంటారు. పొడవాటి ఫెరన్ కింద దానిని పొట్టకు దగ్గరగా పట్టుకొని తిరుగుతారు. ఈ నిప్పుకు వెల లేకపోలేదు. ఏండ్ల తరబడి చర్మం కాలి కాలి కొందరికి అచ్చటనే పుట్టకురుపు లేస్తుందని పందొమ్మిదవ శతాబ్దపు వైద్యులే గుర్తించినారు. మూసిన గదిలోనో గుడారంలోనో బొగ్గుల కుంపటి పెట్టుకొని నిద్రపోవడం అంతకన్న ప్రమాదకరం. బొగ్గు సగం కాలి వెలువరించే కార్బన్ మోనాక్సైడుకు వాసన లేదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. చాంగ్పాల రెబో పైన సందు ఎందుకున్నదో దీనివలన బోధపడుతుంది.

చాంగ్‌థాంగ్ మేకలకు చలికాలంలో పెరిగే సన్నని లోపలి ఉన్నియే పష్మ్. దానితోనే కాశ్మీరు శాలువలు తయారవుతవి. ఆ ఉన్నిని దువ్వి తీసే చాంగ్పా దానిని అమ్ముకొని, తాను ముతక ఉన్ని ధరిస్తాడు. ఆ ఉన్ని వర్తకం ఎవరి చేతిలో ఉండవలెనన్న ప్రశ్న రాజ్యాల మధ్య యుద్ధానికి దారితీసినది. జమ్మూ ప్రభువు గులాబ్‌సింగు సేనాని జోరావర్‌సింగు 1834లో లడఖ్‌పై దండెత్తి దానిని లోబరచుకొన్నాడు. 1841 వేసవిలో పశ్చిమ టిబెట్టులో ప్రవేశించి, మానససరోవరం దాటి తక్లాకోట్ దాకా వెళ్ళినాడు. అతని వేగానికి ఎదురు లేకపోయినది. కాని శీతకాలం వచ్చినది. వెనుకనున్న కనుమలు మూసుకొన్నవి.

ఆ సేన చివరి రాత్రుల వర్ణన అలెగ్జాండర్ కన్నింగ్‌హామ్ 1854లో ప్రకటించిన లడఖ్ గ్రంథంలో ఉన్నది. పగటిపూట కూడా నీరు గడ్డకట్టే చలి. గొర్రెతోళ్ళు కప్పుకొని, చుట్టూ మంటలు వేసుకొన్నవారు మాత్రమే ఆ రాత్రులకు ఓర్చగలరు. ఈ సైనికులకు తోళ్ళు లేవు. దొరికిన ఇంధనం ఒక ముళ్ళపొద; అది మంటకన్న పొగనే ఎక్కువగా ఇస్తుంది. అనేకుల చేతివేళ్ళూ కాలివేళ్ళూ మొద్దుబారి పనికిరాకుండా పోయినవి. కొందరు కాసేపటి వెచ్చదనం కొరకు తమ తుపాకుల కర్రలను విరిచి మంటలో వేసినారు. 1841 డిసెంబరు 12వ తేదీన పోరు జరిగిననాడు సగం మంది ఆయుధం పట్టగల స్థితిలో లేరు. జోరావర్‌సింగు ఆ పోరులో మరణించినాడు. మిక్కిలి వెచ్చనైన ఉన్ని పుట్టే సీమలో, ఆ ఉన్ని వర్తకం కొరకు వెళ్ళిన సేన, వెచ్చదనం లేక నశించినది.

ఇది జరిగి నెల తిరగకముందే హిందూకుష్ పర్వతాల దిగువన మరొక సేన అట్టి రాత్రినే ఎదుర్కొన్నది. 1842 జనవరి 6వ తేదీన కుంఫిణీ సేన కాబూలు విడిచి జలాలాబాదు వైపు బయలుదేరినది. పోరాడేవారు సుమారు 4,500 మంది. వారిలో తెల్లవారు 700. వారి వెంట పన్నెండు వేల మంది సేవకులు, వంటవారు, పల్లకీ మోసేవారు, స్త్రీలు, పిల్లలు. సిపాయిలలో అధిక సంఖ్యాకులు అవధ్, బీహారు మైదానాలకు చెందినవారు. మంచును వారు తమ ఊళ్ళలో చూచి ఎరుగరు.

బయలుదేరకముందు మేజర్ పాటింజర్ ఒక సలహా ఇచ్చినాడు. గుర్రాలకు కప్పే పాత ఝూల్‌లను పట్టీలుగా చింపి, అఫ్గానుల పద్ధతిలో పాదాలకూ చీలమండలకూ చుట్టుకొంటే బిగుతైన తోలుబూట్లకన్న మేలని అతడు పదే పదే చెప్పినాడు. ఎవరూ వినలేదు. కొన్ని గంటలలోనే మంచు తన పని చేసినది. తరువాతి కాలంలో బ్రిటిషు సేన ఆ కాలిపట్టీలను తన దుస్తులలో చేర్చుకొన్నది. హిందీ ‘పట్టీ’ అన్న మాటయే కొద్ది మార్పుతో ఇంగ్లీషు నిఘంటువులకు ఎక్కినది. మాట నిలిచినది, అది ఎవరికి అవసరమైనదో వారు నిలువలేదు.

మొదటి రాత్రి గుడారాలు అందరికీ అందలేదు; కట్టెలు లేవు, ఆహారం లేదు. ఆ దారిలో సిపాయిలు తమ టోపీలను, తోలు సామగ్రిని, తుదకు బట్టలను సైతం కాల్చి చలికాచుకొన్నారని ఆ ప్రయాణంలో ఉన్న లేడీ సేల్ తన దినచర్యలో వ్రాసినది. ఆ మొదటి రాత్రి, అదే మంచులో, కెప్టెన్ మెకంజీ వెంటనున్న కొద్దిమంది జజైల్చీలు, అనగా కుంఫిణీ కొలువులోని అఫ్గాన్ తుపాకీవారు, ఏమి చేసినారో తోటి అధికారి విన్సెంట్ ఐర్ చెప్పినాడు. వారు ముందుగా కొంత మేర మంచును ఊడ్చి నేలను బయటపెట్టినారు. పాదాలన్నీ నడుమ కలిసేటట్లు గుండ్రంగా, ఒకరినొకరు ఆనుకొని పడుకొన్నారు. తమ వద్దనున్న వెచ్చని దుస్తులన్నీ తీసి, ఎవరిది ఏదని చూడక, అందరి మీదా సమంగా పరచినారు. వారి నడుమ పడుకొన్న మెకంజీ, తనకు చలివలన బాధయే కలుగలేదని తరువాత చెప్పినాడు. తెల్లవారేసరికి ఇతరచోట్ల అనేకులు పడుకొన్నవారు పడుకొన్నట్లే గడ్డకట్టి ఉన్నారు.

ఆ రాత్రి రెండు గుంపులకూ చలి ఒకటే. జజైల్చీలకు అధికంగా ఉన్నది రెండే: మంచును ఊడ్చవలెనన్న తెలివి, బట్టలను కలిపి కప్పుకొనే అలవాటు. మొదటిదానిని ఎవరైనా ఒక సాయంకాలంలో నేర్పగలరు. రెండవది అంత సులభం కాదు. కులానికి ఒక పొయ్యి, పదవికి ఒక గుడారం ఉన్న దండులో పదిమంది పాదాలు ఒకచోట చేర్చి పడుకోవడం ఊహకందని పని.

సేనలను విడిచి చేనిలోనికి వస్తే ఈ ప్రశ్న మరింత సూటిగా ఎదురవుతుంది. ప్రేమ్‌చంద్ 1930లో ప్రకటించిన ‘పూస్ కీ రాత్’ కథ కల్పితమైనా, ఆ కాలపు రైతు రాత్రికి అంతకన్న నమ్మకమైన సాక్ష్యం అరుదు. పూస్ అనగా పుష్యమాసం. హల్కూ అనే రైతు కంబళి కొరకు మూడు రూపాయలు కూడబెట్టినాడు. అప్పులవాడు వాకిట నిలబడగా భార్య మున్నీ ఎంత వారించినా ఆ మూడు రూపాయలు అతనికే పోయినవి. పాత ముతక దుప్పటితో హల్కూ చేనికి కావలి వెళ్ళినాడు. తోడు జబ్రా అనే కుక్క. చిలుము త్రాగినాడు, కుక్కను కౌగిలించుకొన్నాడు, తుదకు మామిడితోపులో రాలిన ఆకులు ఊడ్చి నెగడు వేసుకొన్నాడు. నీల్‌గాయిలు పైరును మేస్తున్న సవ్వడి వినబడినా, వెచ్చని బూడిదప్రక్కనుండి అతడు లేవలేకపోయినాడు. తెల్లవారేసరికి చేను నాశనమైనది. భార్య దుఃఖించగా హల్కూ సంతోషించినాడు. ఇక ఇక్కడ చలిలో పడుకోనక్కరలేదు గదా అన్నాడు.

హల్కూకు చలివిద్య తెలియకపోలేదు. మంట ఎట్లా వేయవలెనో, వేడెక్కిన నేలను ఎట్లా వాడుకోవలెనో, ప్రాణిని ప్రాణి ఎట్లా కాచుకోవలెనో అతనికి తెలుసు. లేనిది మూడు రూపాయల కంబళి. అది లేనందువలన పైరు పోయినది. పైరుతోపాటు రైతు అన్న పేరు కూడా పోయి అతడు కూలివాడు కానున్నాడు. కాబూలు దారిలో విద్య ఉండీ ఆలకించేవారు లేకపోయినారు. ఇక్కడ విద్య ఉండీ వస్తువు లేకపోయినది.

స్వతంత్ర భారతంలో కూడా ఈ పాఠం ఒకసారి కఠినంగా చెప్పించుకోవలసి వచ్చినది. 1962 అక్టోబరులో ఈశాన్య సరిహద్దున నామ్‌కా ఛూ వాగు ఒడ్డున నిలిపిన భారత సైనికులు అనేకులు వేసవి నూలుదుస్తులతో, తలకొక్క కంబళితో ఆ ఎత్తున రాత్రులు గడపినారు. అక్టోబరు 20న చైనా సేన దాడి చేసినది. ఆ బ్రిగేడుకు నాయకుడైన జాన్ దాల్వీ బందీ అయి, విడుదలైన తరువాత 1969లో ప్రకటించిన గ్రంథంలో ఈ లోపాన్ని విశదంగా చెప్పినాడు. 1984 ఏప్రిల్‌నుండి సైన్యం సియాచిన్ హిమానీనదంపై కావలి కాస్తున్నది. అక్కడ శత్రువు గుండువలన మరణించినవారికన్న చలివలన, హిమపాతాలవలన మరణించినవారే ఎక్కువ. నేడు అక్కడి సైనికునికి ప్రత్యేకమైన దుస్తులు, పడక సంచులు ఉన్నవి. 1962 నాటి రాత్రులు ఆ మార్పుకు కొంత కారణం.

2020 నవంబరు చివర ఢిల్లీ సరిహద్దులలోని సింఘూ, టిక్రీ రహదారులకు చేరిన రైతులు ఆ శీతకాలమంతా అక్కడనే గడపినారు. వారు ఏ గ్రంథమూ చదివి రాలేదు. ట్రాక్టరు ట్రాలీలలో ముందుగా గడ్డి పరచినారు. దానిమీద పరుపులు వేసినారు. పైన టార్పాలిన్ బిగించి ఆకాశానికి అడ్డం పెట్టినారు. ఒక్కొక్క ట్రాలీలో పలువురు దగ్గర దగ్గరగా పడుకొన్నారు. లంగరులో అందరికీ ఒకే పొయ్యి. అయినా ఆ చలికి వృద్ధులు కొందరు తట్టుకోలేకపోయినారు.

నేలకు గడ్డి, గాలికి అడ్డు, ఆకాశానికి కప్పు, ప్రక్కన మరొక మనిషి: ఆరుబయటి చలిరాత్రికి ఈ నాలుగే మందులు. వీటిలో మూడు చౌకగానే దొరుకుతవి. నాలుగవదానికి వెల లేదు. అయినా చరిత్రలో ఎక్కువమందికి అందనిది అదే.